ఉత్తకాళ్ల దీక్ష

దయాకర్ కాళ్లది తొమ్మిదో నంబరు. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు అతనికిచ్చిన నల్ల షూ ఎనిమిదో నంబరు. ఒక్క నంబరు తేడాకి ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లు ఆ షూలో కాళ్లు పెట్టి పన్నెండు గంటలు నిలబడి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో అట్టపెట్టెలు చేసే కంపెనీ అది. దాని గేటు దగ్గర దయాకర్ ఆగస్టులో చేరాడు. పొద్దున ఏడింటికి ఎక్కితే సాయంత్రం ఏడింటికి దిగడం. లారీ వస్తే గేటు తియ్యాలి, నంబరు రాసుకోవాలి, కారు వస్తే సెల్యూట్ కొట్టాలి. మిగిలిన పొద్దంతా ఊరికే నిలబడాలి. ఊరికే నిలబడటాన్ని మించిన కష్టమైన పని లోకంలో లేదని అతను నలభై ఏడో ఏట కనిపెట్టాడు. కూర్చుంటే గార్డు కునుకు తీస్తాడని ఆ గేటు దగ్గర కుర్చీ కూడా వెయ్యలేదు మహానుభావులు.

మొదటి వారమే ఏజెన్సీ సూపర్‌వైజర్ కనకరాజుని అడిగాడు. "అన్నా, జర పెద్ద షూ ఇప్పియ్యరాదె. వేళ్లు ఇరుక్కపోతున్నయి."

"కొత్తయి గదనే. వాడంగ వాడంగ అవ్వే సాగుతయి," అని బండి స్టార్ట్ చేసి పోయాడు కనకరాజు.

సాగలేదు. రెండో నెలలో మళ్లీ అడిగాడు, ఈసారి చెప్పులేసుకుని నిలబడతానని. కనకరాజు చెవులు మూసుకున్నంత పని చేశాడు. "నా నౌకరి తీస్తవా ఏంది? పెద్దసార్ పెట్టిన రూలది. గేటు కాడ గార్డుకు షూ లేకుంటె ఆయన ఊకోడు." పెద్దసార్ అంటే కంపెనీ మేనేజర్ రామ్మోహనరావు. ఆయన కారు అద్దం దించగా దయాకర్ ఎప్పుడూ చూడలేదు.

నవంబర్ వచ్చేసరికి రెండు చిటికెన వేళ్ల మీదా ఆనెకాయలు లేచాయి. వేళ్ల సందులు చెమటకి నాని, తెల్లగా పొరలు ఊడి, సాయంత్రం సాక్సు లాగితే ప్రాణం పోయినంత పనయ్యేది. బొటనవేలి గోరు నల్లబడింది. నొప్పి పాదాల దగ్గర ఆగిందా అంటే అదీ లేదు. మోకాళ్లకెక్కింది, నడుముకెక్కింది, చివరికి మాటకెక్కింది. భార్య మరియమ్మ ఏమడిగినా కసురుకునేవాడు. ఆమె ఒక స్కూల్లో ఆయా. పొద్దంతా పిల్లల ముక్కులు తుడిచి వచ్చి, ఇంట్లో ఈయన కసుర్లు వినేది. వారంలో అతనికి హాయి అనిపించేది ఒక్క ఆదివారం చర్చిలోనే. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలి చల్లని బండల మీద ఉత్తకాళ్లు పెట్టగానే కళ్లు మూతపడేవి. పక్కవాళ్లు ఎంత భక్తో అనుకునేవారు.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున పాదాలు వాచిపోయి షూలోకి దిగనేలేదు. మరియమ్మ వెనక నుంచి నెట్టినా దిగలేదు. ముసురు పట్టి యూనిఫారం చొక్కా ఆరలేదు. చేతికందిన పాత నల్ల చొక్కా తొడుక్కుని, చలికి మఫ్లర్ చుట్టుకుని, టోపీ నుదుటి మీదికి లాక్కుని, షూ జతని కవర్లో వేసుకుని ఉత్తకాళ్లతో బయలుదేరాడు. గేటు దగ్గర ఎలాగోలా దూర్చుకుందాంలే అనుకున్నాడు. గడ్డం గీసుకుని అప్పటికి వారం దాటింది. గీసుకునే ఓపిక లేదు, అంతే.

అతను గేటు దగ్గర నిలబడ్డాడో లేదో, పెద్దసార్ కారు వచ్చింది. రోజూ ఎనిమిదిన్నరకొచ్చే మనిషి ఆ రోజు ఏడుంబావుకే దిగబడ్డాడు. కారు గేటు దాటి ఆగింది. అద్దం దిగింది. రామ్మోహనరావు నల్లబట్టల్లో ఉన్నాడు, నుదుటిన గంధం ఉంది. కార్తీకమాసమంటే ఆయనకి అయ్యప్ప దీక్ష అని కంపెనీలో అందరికీ తెలుసు. దయాకర్‌కి మాత్రం అవేవీ కనిపించలేదు. పోయింది ఉద్యోగం అన్న ఒక్క ముక్కే బుర్రలో తిరుగుతోంది.

ఆయన కిందికి, కాళ్ల వైపు చూశాడు. చొక్కా చూశాడు. గడ్డం చూశాడు.

"మాలనా?" అన్నాడు.

దయాకర్‌కి లోపల ఏదో చల్లబడిపోయింది. ఈ ప్రశ్న అతనికి కొత్తా? కిరాయికి గది అడిగితే, పెళ్లిలో బంతికి కూర్చోబోతే, పనిలో చేరిన మూడోరోజు చాయ్ తాగుతూ ఉంటే, ఎవరో ఒకరు అటు తిప్పి ఇటు తిప్పి చివరికి ఇక్కడికే వస్తారు. ఈయనైతే తిప్పకుండా మొహం మీదే అడిగాడు. కాళ్లకి చెప్పుల్లేకపోతే కులం కూడా కనపడుతుందా అని కోపం వచ్చింది. వచ్చిన కోపం నిలబడటానికి కూడా ఒంట్లో శక్తి లేదు.

"ఔ సార్," అన్నాడు. "మాలనే."

రామ్మోహనరావు కారు దిగాడు. దిగి, రెండు చేతులూ జోడించాడు. "స్వామి శరణం. కన్నెస్వామా? మొదటిసారేనా ఏసుకునుడు? నాకు ముందుగాల జెప్పొద్దా స్వామీ? ఇంకోటి, దీక్షల ఉన్నన్ని రోజులు నన్ను సార్ అనొద్దు. నువ్వూ స్వామివే, నేనూ స్వామినే." లోపలికి తిరిగి కేకేశాడు. "ఎవరయ్యా అక్కడ! స్వామికి కుర్సీ ఎయ్యున్రి. షూ లేదు, యూనిఫారం లేదు, నలభై ఒక్క రోజులు స్వామిని ఎవ్వరు ఏమనొద్దు."

అప్పుడు వెలిగింది దయాకర్‌కి. ఆయన అడిగింది మెడలో వేసుకునే మాల గురించి. ఈయన చెప్పింది తన పుట్టుక గురించి. అబద్ధమాడాడా అంటే ఆడలేదు. నిజం చెప్పాడా అంటే అదీ పూర్తిగా కాదు. నోరు తెరిచాడు, కాదు సార్ అందామనే తెరిచాడు. ఈలోగా కుర్చీ వచ్చింది. రాత్రంతా ముసురుకి తడిసిన సిమెంటు చల్లదనం అరికాళ్ల నుంచి పైకి పాకి, మంటంతా పీల్చేసుకుంటోంది. రేపు చెప్దాంలే అనుకుని కూర్చున్నాడు.

ఆ రేపు అన్నది ఎక్కడొస్తుంది? కాళ్లు రానిస్తేగా!

మొదటి నాలుగురోజులు కంకర గుచ్చుకుంది, మధ్యాహ్నం రోడ్డు కాలింది. ఆ తర్వాత అరికాళ్లకి తెలివి వచ్చింది. ఎక్కడ ఎంత బరువు పెట్టాలో అవే చూసుకోసాగాయి. ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్న వేళ్లు విడివిడిగా పరుచుకున్నాయి. గాలి తగిలి సందులు ఆరి, కొత్తచర్మం వచ్చింది. గేటు పక్క బాదంచెట్టు కింద మట్టిలో పాదాలు ఆనించి నిలబడితే, ఇన్నాళ్లూ తను నేల మీద కాక ఏదో డబ్బా మీద నిలబడ్డట్టు తోచింది. పదో రోజుకి మోకాళ్ల నొప్పి తగ్గింది. రాత్రి పడుకుంటే పొద్దునే మెలకువ. మరియమ్మ ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఆగి, అతని మొహంలోకి చూసింది.

"ఏమయ్యా, రెండువారాలాయె. నన్ను తిట్టుడు బంద్ జేసినవ్. పానం మంచిగున్నదా?"

అప్పుడు చెప్పాడు జరిగిందంతా. మరియమ్మ ముందు నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్క గదివాళ్లకి వినపడుతుందేమోనని ఆపుకుంటూ నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "మీ నాయిన వింటె ఏమనునయ్యా?" అంది.

అదే దయాకర్‌నీ తొలుస్తున్న సంగతి. జనగామ పక్క ఊళ్లో వాళ్ల నాయన దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడవలేదని దెబ్బలు తిన్నవాడు. తిని, మరునాడు మళ్లీ వేసుకునే నడిచినవాడు. కొడుకు పదో తరగతిలో ఉండగా తోలుచెప్పులు కొనిచ్చి, "కాళ్లు తెగిపోనీ గని ఇవ్వి మాత్రం ఇడువకు బిడ్డా," అన్నాడు. అలాంటి మనిషి కొడుకు ఇప్పుడు చెప్పులు వదిలేసి, అబ్బ ఎంత హాయి అనుకుంటున్నాడు.

"నాయినను ఏసుకోవద్దన్రు. నన్ను ఇడువద్దంటున్నరు. రెండు ఒక్కటే గాదే?" అన్నాడు దయాకర్. మరియమ్మ "ఏమో, నాకేం సమజైతలేదు. నువ్వైతే అబద్ధం జెప్పలే. ఆయన ఏమనుకున్నడో ఆయన ఇష్టం," అని పప్పు వడ్డించింది.

కానీ సిగ్గేసేది. లోపలికి వెళ్లే ఆపరేటర్లు, ఇన్నాళ్లూ "ఏయ్ గార్డూ" అన్నవాళ్లే, "స్వామీ, నమస్తె" అంటుంటే సిగ్గేసేది. పెద్దసార్ రోజూ కారాపి, "స్వామీ, భోంచేసిన్రా?" అంటే మరీను. ఆ పలకరింపు వింటే కడుపు నిండినట్టుండేది, వెంటనే ఆ పలకరింపు తనది కాదన్న సంగతి గుర్తొచ్చేది. టోపీ ఇంకాస్త కిందికి లాక్కునేవాడు. మఫ్లర్ ఎండలో కూడా తియ్యలేదు. ఈ పూట చెప్పేద్దామని రోజూ అనుకునేవాడు. షూ వేసుకోవడం ఊహించుకుంటే మాత్రం ఒళ్లు జలదరించేది.

ఇరవై ఆరో రోజున పెద్దసార్ కారు దిగి మరీ వచ్చాడు. "స్వామీ, ఆదివారం మా ఇంట్ల భిక్ష. ఉప్పల్ల, మెట్రో స్టేషన్ వెనుక. పదిహేను మంది స్వాములొస్తున్నరు. మీరు తప్పక రావాలె." భిక్ష అంటే దీక్షలో ఉన్నవాళ్లని పిలిచి పెట్టే మధ్యాహ్న భోజనం. ఆ రోజు దయాకర్‌కి వీక్లీ ఆఫ్ అని కూడా ఆయనే కనుక్కున్నాడు. తప్పించుకునే దారి లేదు.

"అన్నమే గదా, చర్చి అయినంక పోయి తిని రా," అంది మరియమ్మ. తినేసి, చెయ్యి కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేద్దామనే అనుకుని వెళ్లాడు.

డాబా మీద షామియానా. వరసగా పీటలు. నల్లబట్టల స్వాములు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. దయాకర్ చివరికి పోబోతే రామ్మోహనరావు చెయ్యి పట్టుకుని మొదటి పీట మీద కూర్చోబెట్టాడు. "కన్నెస్వామి ముందుగాల." పక్క స్వామి మఫ్లర్ వైపు చూసి, "ఇంత ఎండల చలా స్వామీ?" అన్నాడు. దయాకర్ దగ్గాడు.

తర్వాత జరిగేది అతనికి ఎవరూ చెప్పలేదు. రామ్మోహనరావు ఇత్తడి పళ్లెం తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టాడు. ఆయన తల్లి త్రిపురసుందరమ్మ, ఎనభై దాటిన మనిషి, పసుపు కలిపిన నీళ్ల చెంబు పట్టుకుని వెనకాలే వచ్చింది. లారీల వాళ్లని గడగడలాడించే ఆ పెద్దసార్ పంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద కూర్చుని, దయాకర్ కుడికాలు పట్టుకుని పళ్లెంలో పెట్టుకున్నాడు.

కాళ్లు కడగడం గురించి దయాకర్ చర్చిలో ఎన్నో ప్రసంగాలు విన్నాడు. కడిగించుకోవడం ఇంత కష్టమని ఒక్క పాస్టరూ చెప్పలేదు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఆయన చెయ్యి మెత్తగా ఉంది. మడమ కింద పగుళ్లలోకి ఆ వేళ్లు పోతుంటే దయాకర్ పీట అంచు పట్టుకున్నాడు. ఇంతవరకూ ఒక్క మరియమ్మ తప్ప తన కాలు పట్టుకున్నవాళ్లు లేరు.

"సార్," అన్నాడు.

"స్వామి అనాలె."

"గాదు సార్. ఒక్క నిమిషం ఆగున్రి." కాలు వెనక్కి తీసుకోబోయాడు. ఆయన వదల్లేదు. "ఆ రోజు మీరు మాలనా అని అడిగిన్రు. నేను మాలనే సార్. మాల ఏసుకున్నోన్ని గాదు. మేము చర్చికి పోతం."

గొంతు తగ్గించే చెప్పాడు. అయినా డాబా మీద గరిటెల చప్పుడు ఆగిపోయింది. రామ్మోహనరావు తలెత్తి చూశాడు. ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది, అది కోపమో సిగ్గో దయాకర్‌కి తెలియలేదు.

"మరి గిన్ని రోజులు..." అన్నాడు ఆయన.

"షూ చిన్నగైంది సార్. పుండ్లైనయి. సూపర్‌వైజర్‌ను రెండుసార్లడిగిన, రూలన్నడు. మీరు కుర్సీ ఎయ్యమన్నంక... కాళ్లకు మస్తు హాయి అనిపించింది. చెప్పబుద్ధి గాలె. తప్పే సార్."

రామ్మోహనరావు చేతిలో ఉన్న పాదాన్ని చూశాడు. చిటికెన వేలి మీద ఆనెకాయ మచ్చని, నల్లగోరు కింద కొత్తగా వస్తున్న గోరుని బొటనవేలితో తడిమాడు. పక్క స్వామి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. త్రిపురసుందరమ్మకి సరిగ్గా వినపడదు.

"ఏందిరా ఆగినవ్? నీళ్లు సల్లగైతున్నయి, కడుగు," అంది.

ఆయన కడిగాడు. రెండో కాలు కూడా తనే తీసుకుని కడిగాడు. తువ్వాలుతో వేళ్ల సందులు తుడిచాడు. దీక్ష కోసం కడిగాడో, పదిహేను మంది ముందు ఆపితే బాగుండదని కడిగాడో దయాకర్‌కి ఈనాటికీ తెలియదు. తుడిచేటప్పుడు మాత్రం మెల్లగా తుడిచాడు. ఎవరూ దయాకర్‌ని లెమ్మనలేదు. ఆ పీట మీదే అన్నం తిన్నాడు. ఏం తిన్నాడో గుర్తులేదు.

మెట్లు దిగుతుంటే రామ్మోహనరావు వెనకాలే వచ్చాడు. ఏదో మంచిమాట అంటాడనే దయాకర్ ఆగాడు.

"రేపటిసంది షూ ఏసుకొని రా," అన్నాడు ఆయన. కసురుగా అనలేదు. మామూలుగానే అన్నాడు.

ఉప్పల్ నుంచి నాచారం దాకా దయాకర్ ఆటో ఎక్కలేదు. ఉత్తకాళ్లతో నడిచే ఆఖరు నడక కదా అని, మెట్రో స్తంభాల నీడ ఉన్నంతసేపు నీడలో, తర్వాత ఎండలో, మెల్లగా నడిచాడు. మరియమ్మ అతని పసుపు పాదాలు చూసి, సంగతంతా విని నెత్తి కొట్టుకుంది. "ఇంక రెండువారాలాగితే అదే అయిపోవునయ్యా! ఎవరడిగిన్రు నిన్ను?"

"ఎవ్వరు అడగలే. ఆయన నా కాలు పట్టుకున్నడే. గట్ల పట్టుకున్నోని తోని అబద్ధం ఎట్లాడుత?"

మరునాడు పొద్దున కొబ్బరినూనె రాసి, ఇద్దరూ కలిసి కాళ్లని షూలోకి దించారు. పాదాలు వెడల్పయ్యాయేమో, పాత నొప్పి కంటే కొత్త నొప్పి రెండింతలుంది. గేటు దగ్గర కుర్చీ లేదు. "స్వామీ" అన్నవాళ్లు ఏమనాలో తెలియక తల ఊపి పోయారు. ఎనిమిది గంటలకే చిటికెన వేలు చిట్లినట్టు తెలిసింది, సాక్సు తడిగా తగిలింది. ఒంటికాలి మీద నిలబడ్డాడు, కాలు మార్చాడు, గోడకి ఆనుకున్నాడు. సాయంత్రం ఏడు ఎక్కడో ఉంది. రేపు ఉంది, ఎల్లుండి ఉంది. ఏడుపొచ్చింది.

పెద్దసార్ కారు వచ్చి ఆగింది. ఆయన ఉత్తకాళ్లతో దిగి, దయాకర్ షూ వైపు చూశాడు.

"నొస్తున్నయా?"

"నొస్తున్నయి సార్."

రామ్మోహనరావు చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "నాక్కూడ అంతేనయ్యా. సాలంత బూట్లల్ల సచ్చిపోత. ఈ నలభై రోజులే నా కాళ్లకు హాయి. దేవునికి తెల్వదా, తెలుసు." నిట్టూర్చి, దయాకర్ భుజం తట్టి, సిమెంటు మీద మెత్తగా అడుగులేసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

దయాకర్ ఆయన వెళ్లినవైపే చూస్తూ ఉండిపోయాడు. ముందు జాలేసింది. ఆ వెనకే కోపం వచ్చింది, ఈసారి నిలబడే కోపం. రూలు పెట్టింది ఈయన. తియ్యగలిగింది ఈయన. సంవత్సరమంతా తను ఏడుస్తూ, అందరినీ ఏడిపిస్తూ, తీసెయ్యొచ్చన్న ఆలోచన కూడా లేకుండా పోతున్నాడు చూడు!

దయాకర్ నేల మీదే కూర్చున్నాడు. లేసులు విప్పాడు. షూ లాగి, నెత్తురంటిన సాక్సు లాగి, బాదంచెట్టు మొదట్లో పెట్టాడు. లేచి మట్టిలో పాదాలు ఆనించి, అటెన్షన్లో నిలబడ్డాడు.

పావుగంటలో ఫోను మోగింది. ఎవరు చెప్పారో గానీ, కనకరాజు. "ఏందే, షూ ఇడిసినవట? మల్ల ఏం దీక్ష పట్టినవ్?"

"ఏ దీక్ష లేదన్నా," అన్నాడు దయాకర్. "కాళ్లు నొస్తున్నయి. ఇడిసిన."

"గట్ల ఉత్తగ నొస్తున్నయంటె ఎట్లనే? పైన ఏమని జెప్పాలె నేను?"

"గదే జెప్పన్నా," అన్నాడు దయాకర్. "నొస్తున్నయని జెప్పు."